ఊరికి దూరంగా ఇల్లూ వర్క్‌షాప్పూ: ముందు షెడ్డు వేయండి

కళ్యాణదుర్గం, మడకశిర, పెనుకొండ వైపు మెట్ట భూములు కొంటున్నవాళ్లలో ఇప్పుడు రైతులే కాదు, చేతిపని మీద మోజున్నవాళ్లూ కనిపిస్తున్నారు. బెంగళూరులో ఉద్యోగం, సెలవు దొరికితే వెల్డింగో వడ్రంగమో. ఎప్పటికైనా సొంత షెడ్డు, దాని పక్కన చిన్న ఇల్లు, మెషిన్ ఆన్ చేస్తే తలుపు తట్టే పొరుగువాళ్లు లేని నేల కావాలని ఆశ. ఈ వ్యాసం వాళ్ల కోసం. ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల అవతల, కరెంటు స్తంభం కూడా లేని చోట, సగం పని మనం చేసుకుంటూ సగం మేస్త్రి చేత చేయించుకుంటూ ఎలా కట్టుకోవాలో చెప్తాను. ఉదాహరణలన్నీ అనంతపురం, సత్యసాయి జిల్లాల ఎర్రనేలవి. పాలమూరు వైపు కూడా చాలావరకు పనికొస్తాయి. నల్లరేగడికి పునాది లెక్క వేరు, అది దాని దగ్గర చూద్దాం.

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఇల్లు తర్వాత, షెడ్డు ముందు. చాలామంది ఇంటికి ముగ్గు పోసి పని మొదలుపెడతారు. సిమెంటు బస్తాలు టార్పాలిన్ పట్ట కింద, కమ్మీలు ఎండలో వానలో, పనిముట్లు రోజూ కారు డిక్కీలో తిరుగుతుంటాయి. అదే షెడ్డు ముందు లేస్తే సిమెంటుకు గోదాము, కూలీలకు నీడ, తలుపులు కిటికీలు చేసుకునే చోటు, వాననీళ్లు పట్టే కప్పు, రాత్రి మంచం వేసుకునే మూల, ఇవన్నీ ఒక్కసారే దొరుకుతాయి. ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. షెడ్డులో ఒక మూల గది కట్టి, బాత్రూమ్ పెట్టి చూపించండి, ఒప్పుకుంటారు.

1. బయానా ఇచ్చే ముందు కాగితాలు

అడంగల్ (సాగు, అనుభవం వివరాలు), 1-బి (హక్కుదారు వివరాలు), ఈసీ (భూమి మీద రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరాలు), ఎఫ్‌ఎంబీ (సర్వే పటం) నకలు, ఈ నాలుగూ చేతిలోకి వచ్చాకే బయానా మాట ఎత్తండి. ఆంధ్రలో మొదటి రెండూ మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 నుంచి భూభారతి వచ్చింది. మీ సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో (22-ఏ జాబితా అంటారు) ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. పాత సర్వే రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలున్నాయా అన్నది కూడా చూడాలి. చుక్కల భూమి అయితే దాని తలనొప్పి మీరు కొనుక్కోకండి.

మా వైపు తక్కువ ధరకు చూపించేది ఎక్కువగా డీకేటీ పట్టా భూమి. అంటే పేదలకు ప్రభుత్వం అసైన్ చేసి ఇచ్చిన భూమి. అది చేతులు మారకూడదని 1977 చట్టం చెబుతోంది. 20 ఏళ్లు దాటినవాటికి ఆంధ్రలో 2023లో సడలింపు ఇచ్చారు గానీ, తర్వాత అలా అమ్ముకునే హక్కు వచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్ల మీద విచారణలు, నిలుపుదలలు నడిచాయి. మీరు దాని మీద ఇల్లు కట్టబోతున్నారు, పంట వేయబోవడం లేదు. పంటైతే ఒక సీజన్ పోతుంది, ఇల్లైతే జీవితకాలపు డబ్బు. జోలికి పోకండి.

చల్లగా ఉంటుందని అరకు, పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు మనసు పోతే, అక్కడ ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు, అమ్మేది గిరిజనేతరుడే అయినా సరే. నోటరీ కాగితం, జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) అంటూ ఎవరు ఏ దారి చూపించినా అది దారి కాదు.

పట్టా భూమి అయినా వ్యవసాయ భూమిలో ఇల్లు, వర్క్‌షాప్ కట్టాలంటే భూమి వినియోగ మార్పు, పంచాయతీ అనుమతి సంగతి చూసుకోవాలి. చుట్టుపక్కల అహుడా (అనంతపురం-హిందూపురం) లాంటి పట్టణాభివృద్ధి సంస్థ పరిధి ఉంటే వాళ్ల అనుమతి కూడా. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి నిరుడు కట్టినాయన మాట పట్టుకోకుండా తహసీల్దార్ ఆఫీసులో, పంచాయతీ కార్యదర్శి దగ్గర ఈ ఏడాది లెక్క అడగండి. డోర్ నంబరు పడితేనే తర్వాత ఇంటి మీటరు సులువుగా వస్తుంది.

2. దారి

నేల మీద కనిపించే బండి బాట వేరు, ఎఫ్‌ఎంబీలో గీసిన దారి వేరు. పక్క రైతు మంచివాడు కాబట్టి ఇన్నాళ్లూ ఆయన గట్టు మీదుగా తిరిగారు, అంతే. రేపు ఆయన కొడుకు ఫెన్సింగ్ వేస్తే మీ లారీ ఆగిపోతుంది. పటంలో దారి లేకపోతే దారి హక్కు రాయించి రిజిస్టర్ చేయించాకే భూమి కొనండి.

ఇక వెడల్పు. బోరు బండి వస్తే ఒక్కటే రాదు, కంప్రెసరు, పైపులతో ఇంకో లారీ వెంట వస్తుంది. 12 అడుగుల దారి, పొలంలో తిరగడానికి చోటు, పైన వేలాడే తీగలు లేకపోవడం, ఈ మూడూ చూడండి. వంక దాటాలంటే రెండు సిమెంటు తూములు వేసి మొరం తోలించండి. దీనికయ్యే ఖర్చు చూసి చాలామంది వెనకాడతారు. కానీ దారి లేకపోతే ప్రతి లోడూ రోడ్డు దగ్గర దింపి ట్రాక్టరులోకి మార్చాలి. ఇటుకలు రెండుసార్లు ఎక్కించి దించితే విరిగేవి, కూలి, రోజులు కలిపి దారి ఖర్చును ఎప్పుడో దాటేస్తాయి.

కొనే ముందు నేలను రెండు కాలాల్లో చూడాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మాకు వానలు ఎక్కువ, నీళ్లు ఎటు పారుతున్నాయో అప్పుడు తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే పక్క బోర్లలో నీళ్లున్నాయో లేదో తెలుస్తుంది. సంక్రాంతి సెలవుల్లో చూసిన భూమి ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

3. నీళ్లు లేకుండా ఇటుక దించొద్దు

బోరుకు, నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం, 2002 కింద అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ తాగునీటి బావికి 250 మీటర్ల లోపల బోరు వేయనివ్వరు. మాది గ్రానైటు నేల. పైన మెత్తబడిన రాతి పొరలో, కింద బండల పగుళ్లలో తప్ప నీరు నిలవదు. అందుకే పక్క పొలంలో పడిన నీళ్లు మీ పొలంలో పడకపోవచ్చు. కొబ్బరికాయ తిప్పించాలనుకుంటే తిప్పించండి, మీ ఇష్టం. భూమిలోకి కరెంటు పంపి నీటి జాడ చూసే జియాలజిస్టు రెసిస్టివిటీ సర్వే మాత్రం మానకండి.

నీళ్లు పడితే వెంటనే పరీక్షకు పంపండి. అనంతపురం, నల్లగొండ, కనిగిరి వైపు ఫ్లోరైడ్ పాత బాధే. తాగునీటి ప్రమాణంలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. అంతకు మించితే ఆ నీటిని కట్టుబడికి, స్నానానికి వాడి, తాగడానికి వాన నీటిని నమ్ముకోండి.

వాన నీరు ఏపాటి అనుకోకండి. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అనంతపురానికి సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, రాష్ట్రంలోనే బాగా తక్కువ. మీ షెడ్డు 20×30 అడుగులు, ఇల్లు 500 చదరపు అడుగులు అనుకుంటే రెండు కప్పులూ కలిపి 100 చదరపు మీటర్లు పైనే. అయిదో వంతు పోయిందనుకున్నా 44,000 లీటర్లు దక్కుతాయి. నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు చాలు. వాన లేని ఎనిమిది నెలలకు 9,600 లీటర్లు. అంటే 10,000 లీటర్ల సంపు ఒకటి షెడ్డు పక్కన కట్టుకుంటే ఫ్లోరైడ్ భయం తీరినట్టే. ప్రతి సీజన్‌లో మొదటి వాన నీటిని బయటికి వదిలేసే వాల్వు పెట్టండి, దాని తర్వాత ఇసుక, బొగ్గు, కంకర వేసిన ఫిల్టరు తొట్టి. సంపు మూత గట్టిగా ఉండాలి, పిల్లలకూ దోమలకూ కూడా.

ఈ సంపే ముందు కట్టుబడికి పనికొస్తుంది. ట్రాక్టరు ట్యాంకరు వచ్చినప్పుడు నీళ్లు దించుకోవడానికి చోటు లేక డ్రమ్ముల్లో పట్టుకునే అవస్థ తప్పుతుంది.

4. ఏది ఎక్కడ

జూన్ నుంచి ఆగస్టు దాకా మాకు పడమటి గాలి గట్టిగా కొడుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. గ్రైండింగ్ దుమ్ము, పెయింట్ వాసన, రంపపు పొట్టు ఇంటివైపు రాకూడదంటే ఇల్లు పడమర, షెడ్డు తూర్పు. షెడ్డును ఆగ్నేయానికి జరిపితే మేస్త్రి కూడా సంతోషిస్తాడు, నిప్పు పని ఆగ్నేయంలోనే కదా. వాస్తు, గాలి ఒకే మాట చెప్పే సందర్భాలు తక్కువ, వచ్చినప్పుడు వాడుకోండి.

రెంటి మధ్య 60 అడుగులైనా వదలండి. చప్పుడు కోసం కొంత, నిప్పు కోసం ఎక్కువ. మరీ దూరం పెడితే తీగ ఖర్చు పెరుగుతుంది, రాత్రి నడవడం కష్టం. ఎత్తైన చోటు ఇంటికి, లారీ నేరుగా వచ్చే చోటు షెడ్డుకు. మరుగుదొడ్డి గుంతలు బోరుకు, సంపుకు 15 మీటర్లు తగ్గకుండా పల్లం వైపు. జంట గుంతలు తవ్వితే ఒకటి నిండాక రెండోదానికి మార్చుకోవచ్చు. మొదటిది రెండేళ్లు మూసిపెడితే లోపలిది ఎరువవుతుంది.

ముగ్గు పోసేటప్పుడు మూల తొంభై డిగ్రీలు ఉందో లేదో మూలమట్టం మీద నమ్మకం పెట్టుకోకండి, చిన్న పనిముట్టులో చిన్న తేడా పొడుగు గోడకు పెద్ద తేడా అవుతుంది. ఒక వైపు 12 అడుగులు, ఇంకోవైపు 16 అడుగులు కొలిచి, కర్ణం 20 అడుగులు వస్తే మూల సరి. చివర్లో రెండు కర్ణాలూ కొలవండి, సమానంగా ఉండాలి. ఎత్తుల కోసం నీళ్లు నింపిన ట్యూబ్ లెవెల్ చాలు.

5. షెడ్డు

ఇనుప దుకాణంలో పైపు 20 అడుగులది వస్తుంది. షెడ్డు కొలతలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాలి. 20 అడుగుల వెడల్పు పెట్టుకుంటే ట్రస్సు (కప్పును మోసే త్రికోణపు చట్రం) కింది పైపుకు అతుకు ఉండదు. 30 అడుగుల పొడవును పదేసి అడుగుల మూడు అంకణాలు చేస్తే వైపుకు నాలుగు చొప్పున 8 స్తంభాలు. స్తంభం 10 అడుగులు పెట్టి, దాన్ని నేల నుంచి రెండున్నర అడుగులు లేపిన కాంక్రీటు దిమ్మె మీద నిలబెడితే, పైపును సరిగ్గా సగానికి కోస్తే సరిపోతుంది, ముక్క వృథా కాదు. చూరు పన్నెండున్నర అడుగుల ఎత్తున వస్తుంది. పైపు అడుగుభాగం నేలకు తగలదు కాబట్టి తుప్పు పట్టదు, ట్రాక్టరు వెనక్కి వస్తూ గుద్దినా దెబ్బ దిమ్మెకే. ఒక్క అడుగు ఎత్తు కోసం పదకొండు అడుగుల స్తంభం పెట్టిన వాళ్ల షెడ్డు వెనక తొమ్మిదడుగుల ముక్కల కుప్ప ఉంటుంది, చూడండి.

గుంతలు 4×4 అడుగులు, గట్టి మొరం తగిలేదాకా. ఎర్రనేలలో ఇది చాలాసార్లు నాలుగైదు అడుగుల్లోనే దొరుకుతుంది. దిమ్మెలో 16 మిల్లీమీటర్ల జె-బోల్టులు నాలుగు, పైన 10 మిల్లీమీటర్ల బేస్ ప్లేటు. కాంక్రీటు పోసేటప్పుడు బోల్టులు పక్కకు జరక్కుండా ప్లేటు కొలతకే చెక్క మీద రంధ్రాలు వేసి అందులో బిగించి ఉంచండి. పైపు సైజులు, ట్రస్సు మాత్రం ఇంజనీరు చేత ఒకసారి చూపించుకోండి. ఆయనను బరువు గురించి కాదు, గాలి గురించి అడగండి. రేకుల షెడ్డు కూలిపోవడం తక్కువ, ఎగిరిపోవడం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి లోపల దూరి కప్పును పైకి తోస్తుంది. చూరు దగ్గర, కొసల దగ్గర పర్లిన్లు (రేకు కింద అడ్డంగా వేసే పైపులు) దగ్గరగా వేయండి, స్క్రూలు ప్రతి గట్టు మీదా వేయండి, మూలల్లో క్రాస్ బ్రేసింగ్ (ఏటవాలుగా అడ్డం వేసే బిగింపు) తప్పనిసరి. స్క్రూ రేకు గాడిలో కాదు, గట్టు మీద పడాలి, రబ్బరు వాషరుతో. రేకు 0.5 మిల్లీమీటర్ల కన్నా పలచనిది తీసుకోవద్దు. కొస మీద కొస 6 అంగుళాలు ఎక్కాలి.

గోడ నాలుగు వైపులా పైదాకా అక్కర్లేదు. మూడు అడుగులు రాతితో లేపి, పైన రేకు, రేకుకూ కప్పుకూ మధ్య అడుగు ఖాళీలో జాలీ. వేడి గాలి అక్కడ నుంచి పోతుంది. కప్పులో రెండు రేకులు పారదర్శకమైనవి వేస్తే పగలు లైటు అక్కర్లేదు, కానీ అవి ఉత్తరం వాలు మీద ఉండాలి. దక్షిణం వైపు వేస్తే చలికాలమంతా మీ నెత్తినే ఎండ.

తలుపు 10 అడుగుల వెడల్పు, జరిపే తలుపు. రెక్క తలుపైతే గాలికి విరుగుతుంది.

లోపల సర్దుబాటుకు మళ్లీ ఆ 20 అడుగుల పైపే. కట్టింగ్ మెషిన్‌ను పొడుగు గోడ మధ్యలో పెట్టండి, దానికి ఇటు 15 అడుగులు, అటు 15 అడుగులు. ఇంకా కావాలంటే దాని వరసలోనే రెండు చివరి గోడలకు అడుగు చదరపు కిటికీలు పెట్టండి. పైపు కొస కిటికీలోంచి బయటికి పోతుంది, మీరు షెడ్డు పెంచనక్కర్లేదు. ప్లైవుడ్ 8×4 అడుగులు కాబట్టి వడ్రంగం బల్ల రంపానికి నాలుగు వైపులా 8 అడుగులు కావాలి. చెక్కపని, వెల్డింగ్ ఒకే చోట పెట్టొద్దు. వెల్డింగ్ తలుపు దగ్గర, చెక్క లోపలి చివర, మధ్యలో గోడ. రంపపు పొట్టులో పడిన నిప్పురవ్వ మీరు తాళం వేసి వెళ్లాక రాజుకుంటుంది.

నేల 4 అంగుళాల కాంక్రీటు, మెష్ వేసి, తలుపువైపు కాస్త వాలుగా. నేల పోసే ముందే కరెంటు పైపులు, గాలి పైపు కోసం ఖాళీ గొట్టాలు పడేయండి. ఒకటి ఎక్కువే వేయండి.

సిమెంటు నిల్వ చెక్క పలకల మీద గోడకు అడుగు ఎడంగా, పది బస్తాల ఎత్తు మించకుండా. మూడు నెలలు దాటిన సిమెంటు బలం తగ్గుతుంది. పాతది ముందు వాడండి.

6. కరెంటు

స్తంభం ఎంత దూరంలో ఉందో కొలిచి డిస్కమ్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఎస్టిమేట్ అడగండి. ఒకటి రెండు స్తంభాలతో పోయేదైతే లైను తీసుకోవడమే మేలు, వర్క్‌షాప్‌కు త్రీ ఫేజ్. అంతకు మించితే సోలార్‌తో పోల్చి చూడండి. బోరుకు వచ్చిన వ్యవసాయ కనెక్షన్ నుంచి ఇంటికీ షెడ్డుకూ తీగ లాగమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 126 కింద అనధికార వినియోగం, జరిమానా పడుతుంది. పైగా ఆ సరఫరా రోజుకు కొన్ని గంటలే, రాత్రి ఫ్యానుకు పనికిరాదు.

సోలార్ లెక్క ప్యానెల్‌తో మొదలుపెట్టకండి, పనితో మొదలుపెట్టండి. ఇంట్లో తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, లైట్లు, చిన్న ఫ్రిజ్, ఫోన్లు, లాప్‌టాప్, గంటసేపు ఒక హెచ్‌పీ మోటారు కలిపి రోజుకు సుమారు 4 యూనిట్లు. షెడ్డులో 4 అంగుళాల గ్రైండరు 850 వాట్లు, కట్టింగ్ మెషిన్ 2,000 పైనే, ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ 2.5 మిల్లీమీటర్ల రాడ్డుతో 80 ఆంప్స్ దగ్గర రెండున్నర కిలోవాట్ల దాకా లాగుతుంది. అయితే వెల్డింగ్ పని రోజంతా చేసినా మంట వెలిగేది గంటా గంటన్నరే, మిగతా టైమంతా కొలవడం, బిగించడం, సుత్తితో కొట్టడం. అన్నీ కలిపి మరో 5 యూనిట్లు. కిలోవాటు ప్యానెల్‌కు మాకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 3 కిలోవాట్లు పెడితే 12, మబ్బు రోజున అందులో సగం. ఇన్వర్టరు 5 కేవీఏ, బ్యాటరీ 48 వోల్టులు 100 ఏహెచ్ లిథియం. రాత్రికి ఇల్లు హాయిగా నడుస్తుంది, కానీ బ్యాటరీ మీద వెల్డింగ్ చేయొద్దు. బరువైన పని పొద్దున పది నుంచి మూడు లోపు పెట్టుకోండి. కంప్రెసరు మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కన్నా నాలుగైదు రెట్లు కరెంటు గుంజుతుంది, ఇన్వర్టరు ట్రిప్పయ్యేది ఎక్కువగా అప్పుడే. దానికీ, లావు రాడ్డు వెల్డింగ్‌కూ 5 కేవీఏ డీజిల్ జెనరేటరు ఉంచుకోండి, స్లాబు రోజు ఎలాగూ కావాలి.

ప్యానెళ్లు దక్షిణం వైపు చూస్తూ 15 డిగ్రీల వాలు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ, 3 కిలోవాట్లకు రూ.78,000, గ్రిడ్‌కు కలిపిన ఇళ్లకే. లైను లేని చోట అది రాదు కాబట్టి అమ్మేవాళ్లు సబ్సిడీ పోగా ధర చెబితే జాగ్రత్త.

తీగ మందం దగ్గర పిసినారితనం వద్దు. 100 మీటర్ల దూరంలోని మోటారు 10 ఆంప్స్ లాగితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 15 వోల్టులు పోతాయి. 4 వేస్తే 9, 6 వేస్తే 6 వోల్టులు. ఎండిన రాతినేలలో ఎర్తింగ్ సరిగా పట్టదు. రెండు గుంతలు వేరువేరుగా తవ్వి, బొగ్గు ఉప్పు వేసి, బాత్రూమ్ నీళ్లు పారే వైపు పెట్టుకుంటే ఎప్పుడూ తడి ఉంటుంది. షెడ్డు ఇనుమంతా ఎర్తుకు కలపండి. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఇంటికొకటి, షెడ్డుకొకటి. తడి చేత్తో గ్రైండరు పట్టుకునే చోట ఇది లేకపోతే పని మొదలుపెట్టొద్దు.

7. ఇల్లు

షెడ్డులో ఒక ఎండాకాలం గడిపాక ఇల్లు గీయండి. గాలి ఎటు వస్తుందో, సాయంత్రం ఎండ ఎంత లోపలికి కొడుతుందో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. పని వరస ఇలా పెట్టుకుంటే నీళ్లు కలిసొస్తాయి: వానలు వెలిశాక నవంబరులో పునాది, సంక్రాంతికి గోడలు, ఫిబ్రవరిలో స్లాబు. ఏప్రిల్‌లో స్లాబు పోస్తే క్యూరింగ్‌కు నీళ్లూ ఉండవు, పోసిన నీళ్లూ నిలవవు.

పునాదికి ఎర్రనేలలో మూడు నాలుగు అడుగుల లోతు, రెండడుగుల వెడల్పు, స్థానిక రాయి, పైన ప్లింత్ బీము (గోడల కింద పోసే కాంక్రీటు దూలం). నేలకు రెండడుగుల ఎత్తున గచ్చు. నల్లరేగడి అయితే ఇది సరిపోదు. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, గోడలు మూలల నుంచి చీలుతాయి. పగుళ్లు దిగని లోతుకు పోవాలి, చాలాచోట్ల అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు. అది ఇంజనీరు లేకుండా చేసే పని కాదు.

గోడకు మా వైపు రాయి చవక, పాత ఇళ్లన్నీ రాతివే. 15 అంగుళాల రాతి గోడ మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది, నిజమే. కానీ పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. అందుకే పాత మిద్దె ఇళ్లలో ఎండాకాలం ఎవరూ లోపల పడుకోరు, మిద్దె మీదికో అరుగు మీదికో వెళ్తారు. నా సలహా, వంటింటికీ పగలు కూర్చునే గదికీ రాయి, తూర్పువైపు పడకగదికి ఇటుకను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్. లారీ బేకర్ కేరళలో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు, ఇటుక పాతిక శాతం దాకా మిగులుతుంది. ఊరి బేల్దారికి అలవాటు ఉండదు. నాలుగు వరసలు దగ్గరుండి పెట్టి చూపించండి, ఐదో వరస నుంచి ఆయనే మీకన్నా బాగా పెడతాడు. పడమటి గోడకు కిటికీ తగ్గించి వసారా దించండి. గచ్చుకు బేతంచెర్ల, కడప బండలు ఉండగా టైల్స్ ఎందుకో నాకర్థం కాదు.

స్లాబు రోజుకు లెక్క ముందే వేసుకోవాలి, మధ్యలో ఏదైనా అయిపోతే పరుగెత్తడానికి దుకాణం ఉండదు. 500 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే సుమారు 6 ఘనపు మీటర్లు. ఎం20 మిశ్రమానికి, అంటే ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర, దాదాపు 50 బస్తాల సిమెంటు. కమ్మీ అర టన్ను అటూ ఇటూ. బస్తాకు నీళ్లు 25 లీటర్లు మించొద్దు. కూలీలకు పలచగా ఉంటే పని సులువు కాబట్టి ఇంకో బకెట్టు పోస్తారు, ఆ బకెట్టు దగ్గరే మీరు నిలబడాలి. వైబ్రేటరు రెండు తెప్పించండి, ఒకటి మొరాయించడం మామూలే. కమ్మీ కింద 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు ముందు రోజే లెక్కపెట్టుకోండి. మర్నాటి నుంచి మడులు కట్టి రెండంగుళాలు నీళ్లు నిలిపితే ఒకసారికి 2,300 లీటర్లు, ఆవిరైనది రోజూ నింపుతూ పది రోజులు. ఎండిపోయి మళ్లీ తడిపితే చేసినట్టు కాదు. ఆరాక పైన తెల్ల కూల్ రూఫ్ పూత వేస్తే లోపల తేడా తెలుస్తుంది.

తలుపులు, కిటికీ గ్రిల్లులు, అల్మరాలు బయట కొనకండి. గోడలు లేస్తుండగా షెడ్డులో అవన్నీ తయారవుతుంటాయి, కొలత తప్పితే అక్కడికక్కడే సరిచేసుకుంటారు. షెడ్డు ముందు వేయమన్నది ఇందుకే.

8. పాములు, నిప్పు, ఆసుపత్రి

చెక్కలు, పైపులు నేల మీద పేర్చకండి. గోడకు బ్రాకెట్లు వేసి రెండడుగుల పైన పెట్టండి. కింద పేర్చిన కుప్ప అంటే తేళ్లకు, రక్తపింజరకు మీరే ఇల్లు కట్టించినట్టు. తలుపు కింద సందు వేలంత కూడా ఉండకూడదు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, కాటు గుర్తు కూడా సరిగా కనపడదు. షెడ్డులో పడుకునే రోజుల్లో మంచం, దాని చుట్టూ పరుపు కిందికి దోపిన దోమతెర తప్పనిసరి. కరిస్తే కోయొద్దు, తాడు బిగించొద్దు, మంత్రం అని టైము పోగొట్టొద్దు. కరిచిన కాలు కదపకుండా ఆసుపత్రికి. పాము విషం మందు ఏ ప్రభుత్వాసుపత్రిలో రాత్రిపూట కూడా ఉంటుందో ఇంటికి మారకముందే వెళ్లి అడిగి తెలుసుకోండి.

జనవరి నుంచి బోద గడ్డి ఎండుతుంది. షెడ్డు, ఇల్లు చుట్టూ 30 అడుగులు గడ్డి చెక్కించండి. డీజిల్, పెయింటు, గ్యాస్ సిలిండర్లకు షెడ్డు బయట జాలీ తలుపున్న చిన్న గూడు. ఇసుక బకెట్లు రెండు, పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి తలుపు దగ్గర. గ్రైండరు గార్డు తీసేసి పనిచేయడం ఊళ్లో చూస్తుంటాం, అక్కడ ఆటో ఎక్కితే పది నిమిషాల్లో ఆసుపత్రి. ఇక్కడ అలా కుదరదు. ఒంటరిగా ఉన్నప్పుడు కట్టింగ్ మెషిన్ ముట్టుకోవద్దన్నది నా నియమం.

ఫోన్ సిగ్నల్ పొలంలో ఏ మూల దొరుకుతుందో చూసి, అక్కడ ఒక బండ వేసుకోండి. 108కి ఫోన్ చేసినప్పుడు సర్వే నంబరు చెబితే ఎవరికీ అర్థం కాదు. మెయిన్ రోడ్డు మీద ఏ గుడి దగ్గర తిరగాలి, ఏ వంక దాటాలి, ఎన్నో తూము తర్వాత ఎడమకు, ఈ గుర్తులన్నీ షెడ్డు తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాలతో పెయింటుతో రాయించండి. మీ దగ్గర పనిచేసే కుర్రాడి చేత దాన్ని ఒకసారి చదివించి, ఫోన్లో ఎలా చెప్పాలో చెప్పించండి. దెబ్బ తగిలేది మీకైతే మాట్లాడేది అతనే.